విమానం ఎక్కేముందు బర్గర్ తినొచ్చా?

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. శంషాబాద్ విమానాశ్రయంలో బర్గర్, ఫ్రైస్, కూల్‌డ్రింక్ తీసుకుని విమానం ఎక్కితే కడుపు ఉబ్బరిస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమేనండీ, కానీ తప్పంతా బర్గర్‌ది కాదు. ఎగిరే విమానం లోపల గాలి ఒత్తిడి దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల కొండమీద ఉన్నంతే ఉంటుంది. ఒత్తిడి తగ్గితే వాయువు వ్యాకోచిస్తుంది. పేగుల్లోని గాలి సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. ఏం తిన్నా ఇది తప్పదు కదా అనొచ్చు. తప్పదు, కానీ కూల్‌డ్రింక్‌లోని గ్యాస్ దానికి తోడవుతుంది. ఫ్రైస్‌లోని కొవ్వు వల్ల ఆహారం కడుపులోంచి త్వరగా కిందికి దిగదు. పైగా గంటల తరబడి కదలకుండా కూర్చుంటాం. బర్గర్, ఫ్రైస్‌లోని ఉప్పు సంగతీ చూడాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే చాలంటోంది. ఉప్పు ఎక్కువైతే, విమానంలోని పొడిగాలికి దాహం మరీ పెరుగుతుంది, కాళ్లవాపూ ఎక్కువ కావచ్చు.

అలాగని ఖాళీ కడుపుతో ఎక్కడమూ మంచిది కాదు. నీరసం, వికారం రావచ్చు. మధుమేహానికి మందులు వాడేవారికైతే చక్కెర పడిపోయే ప్రమాదముంది. కాబట్టి ప్రయాణానికి రెండు గంటల ముందు చిన్న బర్గర్ ఒక్కటే తినండి. ఫ్రైస్, కూల్‌డ్రింక్ మానేసి మంచినీళ్లు తాగండి. రక్తపోటు, గుండెజబ్బు ఉంటే ముందుగా మీ డాక్టరును అడగండి.