పిల్లలు తమ మనస్సును తాము చూచుకొనుట

లెక్క తప్పిన బాలునికి తప్పెక్కడనో చూపి దిద్దుదుము. వానికి కోపము వచ్చినపుడు మాత్రము "ఊరకుండుము" అనుట తప్ప వేఱొకటి నేర్పుచున్నామా? ఊరకున్నవాని కోపము పోయినదని తలంతుము. అది పోలేదు, మన కంటికి కనబడుట మానినది.

మదనపల్లెలో 1895వ సంవత్సరమున జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు ఈ విషయమును జీవితమంతయు బోధించిరి. కోపమును అణచుటయు వలదు, సమర్థించుటయు వలదు, అది కలుగుచుండగనే దానిని చూడవలెనని వారి భావము. ఆ పట్టణ సమీపమున నున్న ఋషివ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంకాలము గుమిగూడి, అస్తమించు సూర్యుని మౌనముగా చూతురు. దానిని అస్తాచల్ అందురు.

అయితే గంట కొట్టి అందఱిచేత కన్నులు మూయించిన చాలునా? బ్రిటన్ దేశమున 11 మొదలు 14 ఏండ్ల వయస్సుగల ఎనిమిదివేల మందికి పైగా విద్యార్థులతో జరిపిన పరిశోధన 2022లో ప్రకటింపబడెను. ధ్యానపాఠములు నేర్చినవారి మనఃస్థితి తక్కినవారికంటె మెఱుగు పడలేదు. పెక్కుమంది ఇంట అభ్యసింపనే లేదు. పిల్లలకు అక్కఱ తోచని పాఠము బడితోనే ముగియును.

కావున నకరికల్లులో మేము పెద్ద యేర్పాటేదియు చేయలేదు. పరీక్షపత్రములు తిరిగి యిచ్చిన దినమున ప్రతివారును తమ మనస్సులో నున్నదానిని ఒక్కమాటలో చీటిపై వ్రాసికొందురు. దానిని మేము చూడము. ఏ మాట వ్రాయవలెనో తోచక మొదట "కోపము" అనియే వ్రాయుదుమని వారే చెప్పుదురు. తెలుగున ఎన్ని మాటలు గలవు! ఉక్రోషము, అసూయ, బెంగ, బిడియము, దిగులు, అలుక. (అలుకను గుర్తించుట మాకంటె అమ్మమ్మలే బాగుగ నేర్పుదురు.) మార్కులు తగ్గినవాడు ప్రక్కవానిని గ్రుద్దినచో అది కోపమా, సిగ్గా? సిగ్గని తానే కనుగొన్నవాడు, పిడికిలి బిగియుచుండగనే తెలిసికొని, ఒక్క క్షణ మాగగలడు. ఆ క్షణమునకే మా ప్రయత్నమంతయు.

తలిదండ్రులకు ఒక మనవి. మిరపకోతల దినములలో చీకటి పడినపిదప ఇల్లు చేరువారికి తీరిక లేదని ఎఱుగుదుము. అయినను బిడ్డ "నాకు భయముగా నున్నది" అనినచో "మగపిల్లవానికి భయమేమి" అనకుడు. రెండవమారు వాడు మీకు చెప్పడు. ఆ భయము గొంతులో తెలియుచున్నదా, కడుపులోనా యని అడిగి, వాడు పలుకువఱకు ఓపికపట్టుడు. అన్నము, నిద్ర మాని దినములు గడపుచున్న బిడ్డను మాత్రము వైద్యునికి చూపవలెను. అది మా చీటీలతో తీరునది కాదు.