గాలి ఎటు పోతే దుమ్ము అటే



వైరు లేకుండా చేత్తో పట్టుకొని వాడే చిన్న దుమ్ము యంత్రాలు ఇప్పుడు మన ఇళ్లలోకి, కార్లలోకి వచ్చాయి. ఒక వైపు మూతి బిగిస్తే దుమ్మును లాగుతుంది. మరో వైపు బిగిస్తే గాలిని ఊదుతుంది. "పిల్లవాడికి ఆయాసం ఉంది, ఇది కొంటే మంచిదా?" అని కొందరు తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఒక్క మాటలో చెప్పే జవాబు కాదిది. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో మీకే తెలుస్తుంది.

లోపల ఏముంది?

ముఖ్యంగా నాలుగు భాగాలు: బ్యాటరీ, మోటారు, ఫ్యాను, ఫిల్టరు. సెల్‌ఫోనులో ఉన్నట్టే ఇందులోనూ లిథియం బ్యాటరీ ఉంటుంది. ఒక్కో సెల్లు సుమారు 3.7 వోల్టులు ఇస్తుంది. బలం కావాలంటే కొన్ని సెల్లులను వరుసగా కలుపుతారు. మోటారు ఫ్యానును నిమిషానికి పదివేల సార్లకు పైగా తిప్పుతుంది. ఫ్యాను తన ముందున్న గాలిని వెనక్కి నెట్టేస్తుంది. అప్పుడు ముందు భాగంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. ఆ గాలి ఖాళీ దొరికిన చోటికి మూతి గుండా దూసుకొస్తుంది, దారిలోని దుమ్మును వెంట తెస్తుంది. గొట్టంతో బోండాం నీళ్లు తాగేటప్పుడు జరిగేదీ ఇదే.

లోపలికి వచ్చిన గాలి చాలా యంత్రాలలో డబ్బాలో గిరగిరా తిరుగుతుంది. జొన్నచేలో పిట్టలను తోలే ఒడిసెలలో రాయి బయటికి లాగినట్టే, బరువైన ఇసుక రేణువులు డబ్బా గోడకు కొట్టుకొని కింద పడతాయి. తేలికైన ధూళిని ఫిల్టరు పట్టుకోవాలి. ఫిల్టరు దాటిన గాలి వెనుక రంధ్రాలలోనుండి మళ్లీ మన గదిలోకే వస్తుంది. ఊదే మూతి బిగించేది ఆ రంధ్రాల దగ్గరే. లాగేదీ ఊదేదీ ఒకే ఫ్యాను.

ఒక చేతిరుమాలు కథ

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, గాలి ఊది దుమ్ము దులిపే యంత్రాన్ని చూశాడు. లేచిన దుమ్ములో చాలా భాగం మళ్లీ అక్కడే పడింది. ఊదేకంటే లాగితే ఎలా ఉంటుందని అతనికి తోచింది. కుర్చీ మీద చేతిరుమాలు పరచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడు. దుమ్ము రుమాలుకు అంటుకుంది. నేటి ఫిల్టరు ఆ రుమాలు లాంటిదే. అమెరికాలో భవనాలు ఊడ్చే పని చేస్తూ ఉబ్బసంతో బాధపడిన జేమ్స్ మర్రే స్పాంగ్లర్, ఇంట్లో వాడుకోదగిన యంత్రానికి 1908లో పేటెంటు పొందాడు. వైరు లేని చేతియంత్రాన్ని బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1979లో 'డస్ట్‌బస్టర్' పేరుతో ఇంటింటికీ తెచ్చింది.

ఏ దుమ్ము ప్రమాదం?

మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనిపించే దుమ్ము చాలా వరకు ముక్కులోనే ఆగుతుంది. 10 మైక్రాన్ల కంటే చిన్నది గొంతు దాటుతుంది. అంతకంటే సన్ననిది ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. సరైన హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువులను కూడా 99.97 శాతం ఆపుతుంది. ఉత్త వలగుడ్డ ఫిల్టరు అయితే ఇసుకను ఆపి, ఈ సన్నటి ధూళిని మన ముఖం మీదికే వదులుతుంది. అప్పుడు నేల శుభ్రంగా కనిపిస్తుంది, గాలి మాత్రం పాడవుతుంది.

మన ప్రాంతంలో ఈ సంగతి మరీ ముఖ్యం. బేతంచెర్ల నాపరాళ్ల కోత, మంగంపేట ముగ్గురాయి పొడి, ఆదోని పత్తి నూగు – వీటి మధ్య పనిచేసేవారు ఎందరో ఉన్నారు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు బట్టల మీద గాలి కొట్టుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ తూర్పారబట్టేటప్పుడు గాలివాలున ఎవరూ నిలబడరు కదా! ఊదినప్పుడు పొట్టు ఎటు పోతుందో మన రైతుకు తెలుసు. బట్టల మీది రాతిపొడి కూడా అలాగే లేస్తుంది, పక్కవాడి ఊపిరిలోకి పోతుంది. సిలికా ఉన్న రాతిపొడి ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దాన్ని వెనక్కి మళ్లించే మందు లేదు. అది ఉన్నవారికి క్షయ కూడా సులభంగా సోకుతుంది.

గుర్తుంచుకోండి

1. ఇంటి లోపల, ముఖ్యంగా ఆయాసం ఉన్నవారి దగ్గర, ఊదే వైపు వాడకండి. వాకిట్లో కిటికీ జాలీలకు, ఫ్యాను రెక్కలకు వాడినా గాలికి ఎదురు నిలబడకండి.

2. లాగే వైపు వాడేటప్పుడు కూడా జబ్బు మనిషిని, పిల్లలను వేరే గదిలో ఉంచండి, కిటికీలు తెరవండి.

3. లాగుడు తగ్గితే బ్యాటరీని అనుమానించే ముందు ఫిల్టరు చూడండి. డబ్బాను ఇంటి బయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని ఖాళీ చేయండి. ఫిల్టరును కడగవచ్చని యంత్రంతో వచ్చిన కాగితంలో ఉంటేనే కడగండి. పూర్తిగా ఆరాక బిగించండి.

4. వేడి బూడిద, నిప్పురవ్వలు, కిరోసిన్, తడిచెత్త లాగించకండి. మన ఎండలకు కారులో వదిలేయకండి, బ్యాటరీ పాడవుతుంది.

5. రాతిపొడికి ఇంటి యంత్రం చాలదు. కోత దగ్గర నీళ్లు పోస్తూ పనిచేయాలి. ముఖానికి కట్టే తువ్వాలు సన్నని పొడిని ఆపదు, ఎన్95 మాస్కు సరిగా అమరేలా పెట్టుకోండి. పనిబట్టలను దులపకుండా, వేరుగా నీళ్లలో నానబెట్టండి.

యంత్రం కొనలేని ఇంటికి లోటేమీ లేదు. పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు, ఆయాసం ఉన్న బిడ్డకు అదే పెద్ద మేలు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే దుమ్ము దగ్గేలే అని ఊరుకోకండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితంగా చేస్తారు. డాక్టరుకు మీ జబ్బుతోపాటు మీరు ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో కూడా తప్పక చెప్పండి.