నెత్తురు గడ్డకట్టుట

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎఱ్ఱచెల్కలలో ఆముదపు గెలలు కోయునప్పుడు కొడవలి జాఱి వ్రేలు తెగుట వింత కాదు. గాయమును గట్టిగా అదిమి పట్టుకొనినచో కొలది నిమిషములలో నెత్తురు తనంత తానే ఆగును. తనంత తానే అనుట మన వాడుక. నిజమునకు ఆ కొలదిసేపటిలో ఎన్నియో వార్తలు ఒకరినుండి యొకరికి అందుచుండును.

నెత్తుటిలో రక్తఫలకికలు అను మిక్కిలి చిన్న కణములు తిరుగుచుండును. ఒక ఘన మిల్లీమీటరు నెత్తుటిలో ఇవి 1,50,000 మొదలు 4,50,000 వఱకు ఉండును. నాళము తెగినచోట ఇవి అంటుకొనును. అదే సమయమున నెత్తుటిలోని ఎంజైములు ఒకదానినొకటి మేల్కొలుపును. మెట్టుమెట్టునకు బలము హెచ్చు ఈ వరుసను 1964లో మాక్‌ఫర్లేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించెను. తుదకు మేల్కొను త్రాంబిన్ అను ఎంజైము, నెత్తుటిలో కరగియున్న ఫైబ్రినోజెన్‌ను పోగులుగా మార్చును. ఆ పోగులు వలగా అల్లుకొనును. అంతటితో ఆగక త్రాంబిన్ ఫలకికల తలుపు తట్టును. ఆ పిలుపు అందగానే కణములోపలి ఫాస్ఫోలైపేజ్ సి అను ఎంజైము పొరలోని క్రొవ్వుపదార్థమును చీల్చి ఇద్దరు దూతలను పుట్టించును. ఒక దూత దాచియున్న కాల్షియమును విడిపించును. రెండవది ప్రోటీన్ కైనేజ్ సి అను ఎంజైమును పనికి పురికొల్పును. అంతట బిళ్లవలె నున్న ఫలకిక ముండ్లు మొలచినట్లై ప్రక్కదానిని పట్టుకొనును.

ఈ వరుసను కలచివేయు శత్రువు మన చెల్కలలోను, చెఱువుల క్రింది వరిగట్లపైనను కలదు. అది రక్తపింజర. విశాఖపట్టణమున పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో వెలువడిన తన గ్రంథమున దీనిని 'కాటుక రేకుల పొడ' అను తెలుగు పేరుతోనే చేర్చెను. దాని వీపుపై మచ్చలను చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో తెలియును. దీని విషమునందలి ఎంజైములు వరుసలోని ఐదవ, పదవ కారకములను మేల్కొలుపును. గాయమే లేనిచోట గాయమైనదని దొంగవార్త పంపుట యన్నమాట! నెత్తురు దానిని నమ్మి ఫైబ్రినోజెన్‌ను వృథాగా వ్యయము చేయును. ఇక నిజమైన గాయమునకు పోగులు మిగులవు. చిగుళ్లనుండి నెత్తురు కాఱును, మూత్రము ఎఱ్ఱబడును. ఇట్టివాని కాటును బ్లేడుతో కోసి 'విషము తీయు' వారు నేటికిని కలరు. ఆ కోతనుండి కాఱు నెత్తురును ఆపుట ఎవరి తరము?

చిత్రమేమనగా, మాక్‌ఫర్లేన్ 1934లోనే బార్నెట్‌తో కలిసి, నెత్తురాగని వ్యాధి గలవారి గాయములపై ఈ విషమును పలుచన చేసి వాడి చూచెను.

కఱచిన పామేదో తెలియకున్నను వైద్యుడు వెఱవడు. రోగి నెత్తురు కొంచెము తీసి శుభ్రమైన పొడి గాజునాళికలో పోసి 20 నిమిషములు కదల్పక యుంచును. పిదప వంచి చూచును. నెత్తురు నీరువలె జాఱినచో వెంటనే సిరలోనికి ప్రతివిషము ఎక్కించును. ప్రతివిషము విషమును బంధించును. వ్యయమైన ఫైబ్రినోజెన్‌ను మాత్రము కాలేయమే మఱల తయారుచేయవలెను. అందులకు గంటలు పట్టును. కావుననే 6 గంటల పిమ్మట మఱియొక నాళికలో నెత్తురు పోసి వంచి చూచెదరు. ఈ పర్యాయము జాఱక నిలిచినచో వల మఱల అల్లుకొనుచున్నదన్నమాట.