ఫైనాన్సులో కొన్న పాత బండి మొరాయిస్తే ఏం చేయాలి?

తిరువూరులో పాత కారు కొనాలంటే లక్షో లక్షన్నరో డౌన్ పేమెంటు కట్టి, మిగతాది ఫైనాన్సు పెట్టించుకోవడం మామూలే. పదిహేను రోజులు తిరక్కుండానే బండి పొగ కక్కుతుంది, లేదా గేరు పడనంటుంది. బండి అమ్మిన కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "చూసుకునే కదండీ కొన్నారు" అంటారు. ఫైనాన్సువాళ్లను అడిగితే "మేం డబ్బిచ్చాం గానీ బండి అమ్మలేదు కదా" అంటారు. ఇక ఆ కోపంలో కొన్నాయన కిస్తీ ఆపేస్తాడు. చేయగలిగిన వాటన్నిటిలో ఎక్కువ నష్టం తెచ్చే పని అదే.

ఇక్కడున్నవి రెండు వేరు వేరు ఒప్పందాలు. బండి ఒప్పందం కన్సల్టెన్సీతో, అప్పు ఒప్పందం ఫైనాన్సు కంపెనీతో. బండి చెడిపోయిందని అప్పు మాఫీ కాదు. లండన్‌లో ఉన్న బావమరిది "బండి వెనక్కిచ్చెయ్ బావా, ఫైనాన్సు కంపెనీదే బాధ్యత" అని చెప్పొచ్చు. ఆయన ఉన్నచోట అది నిజమే. బ్రిటన్‌లో హైర్ పర్చేజ్ మీద కొంటే చట్టం దృష్టిలో బండి అమ్మింది ఫైనాన్సు కంపెనీయే. 2015 నాటి అక్కడి చట్టం ప్రకారం లోపమున్న బండిని 30 రోజుల్లోపు వెనక్కిచ్చేయొచ్చు కూడా. మనకు ఆ 30 రోజుల సౌకర్యం లేదు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. దాన్ని వరుస తప్పకుండా వాడుకుంటే అదేమీ తక్కువది కాదు.

మొదటి అడుగు: కిస్తీ కడుతూనే ఉండండి

రెండు మూడు కిస్తీలు తప్పితే సిబిల్ స్కోరు పడుతుంది, జామీను ఉన్నవాళ్లకు ఫోన్లు పోతాయి, చివరికి సీజింగ్ వాళ్లు వస్తారు. వాళ్లు బండి తీసుకుపోతే లోపానికి మీ దగ్గరున్న అతి పెద్ద సాక్ష్యం వాళ్ల యార్డులో ఉంటుంది. వేలంలో తక్కువకు పోతే మిగిలిన బాకీ మళ్లీ మీ మీదే పడుతుంది. కిస్తీ నిజంగానే మోయలేని భారమైతే దానికో దారి ఉంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసినప్పుడే మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. ఇస్తారా లేదా అన్నది కమిషన్ ఇష్టం. ఉత్తర్వు చేతికొచ్చేదాకా మాత్రం కట్టాల్సిందే.

రెండో అడుగు: లోపాన్ని కాగితం మీదకు ఎక్కించండి

కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. ఇంజిను ఆయిల్ తాగుతోందనగానే చాలామంది విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లి విప్పించేస్తారు. బోరు చేయించి, పిస్టన్లు మార్పించి, బిల్లు జేబులో పెట్టుకుని వస్తారు. తర్వాత కన్సల్టెన్సీవాళ్లు కమిషన్‌లో అడిగే మొదటి ప్రశ్న: "బండి విప్పింది మీ మెకానిక్కే కదా, చెడగొట్టింది అతను కాదని రుజువేంటి?" దీనికి జవాబు ఉండదు.

కాబట్టి విప్పకముందే ఆ కంపెనీ ఆథరైజ్డ్ సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లండి. జాబ్ కార్డు మీద ఫిర్యాదు, తేదీ, మీటరు రీడింగు రాయించండి. వాళ్లు కనిపెట్టిన లోపాన్ని, రిపేరు అంచనాను కాగితం మీద తీసుకోండి. "ఈ అరుగుదల కొత్తది కాదు, చాలాకాలంగా ఉన్నది" అనే ఒక్క వాక్యం ఆ కాగితంలో ఉంటే సగం పని అయినట్టే. బండి నడపలేని స్థితిలో ఉంటే టోయింగ్ రసీదు కూడా దాచండి.

అక్కడే ఇంకో పని చేయండి. నంబరు, ఛాసిస్ నంబరు చెప్పి పాత సర్వీసు చరిత్ర అడగండి. రెండేళ్ల కిందటి సర్వీసులో 92 వేల కిలోమీటర్లని రాసి, మీకు అమ్మిన రోజు మీటరు 61 వేలు చూపిస్తే, మీటరు తిప్పిన సంగతి ఇక ఎవరూ వాదించక్కర్లేదు.

ఒక చేదు నిజం. 1930 సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, చూసి కొన్నప్పుడు ఆ చూపులో బయటపడి ఉండాల్సిన లోపాలకు అమ్మినవాడిని పట్టుకోలేం. అరిగిన టైర్లు, గీతలు పడ్డ డోరు, చిరిగిన సీటు మీద గొడవ పెట్టుకోకండి. చూస్తే తెలియని లోపాల మీదే నిలబడండి: యాక్సిడెంటులో వంగి అతికించిన ఛాసిస్, నీళ్లలో మునిగిన వైరింగు, తిప్పిన మీటరు, దాచిన పాత బాకీ.

కన్సల్టెన్సీతో జరిగిన వాట్సాప్ మాటలు, "సింగిల్ ఓనర్, నో యాక్సిడెంట్" అని పెట్టిన ప్రకటన, అడ్వాన్సు ఫోన్‌పేలో పంపిన వివరాలు చెరిపేయకండి. ఫోన్ మార్చినా అవి మీ దగ్గర ఉండాలి.

మూడో అడుగు: అమ్మింది ఎవరు? కొన్నది దేనికి?

అమ్మింది పాత బండ్ల వ్యాపారి అయితే వినియోగదారుల కమిషన్ మీకు తెరిచే ఉంది. వాళ్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉందా అని కూడా అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలర్లు అది తీసుకోవాలి. ఓనరు బండి తెచ్చి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేశాక ఆ బండికి డీలరే బాధ్యుడు. "మేం మధ్యవర్తులం, కమిషనే మాది" అని తప్పించుకునేవాళ్లకు ఇది మంచి జవాబు.

పక్క వీధి ఆయన తన సొంత కారు మీకు అమ్మితే ఆయన వ్యాపారి కాడు. ఆ తగవు సివిల్ కోర్టుకు పోవాలి. మోసం స్పష్టంగా ఉంటే పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. ఫైనాన్సు కంపెనీ సీజ్ చేసిన బండిని వేలంలో కొన్నారనుకోండి, అప్పుడు అమ్మింది ఆ కంపెనీయే. అయితే "ఉన్నది ఉన్నట్టు" అనే షరతు మీద సంతకం పెట్టి ఉంటారు కాబట్టి లోపాల మీద గెలవడం కష్టం. సి-బుక్ మీ పేరుకు మారకుండా నాన్చితే మాత్రం గట్టిగా అడగొచ్చు.

ఇక ఆటో, టాటా ఏస్, ట్రాక్టరు కొన్నవాళ్ల మాట. వ్యాపారానికి కొన్నది కాబట్టి మీరు వినియోగదారు కారని అవతలి వకీలు అంటారు. జీవనోపాధి కోసం కొని, స్వయంగా నడుపుకునేవాళ్లు వినియోగదారులేనని చట్టంలోనే ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. పూర్తిగా వేరేవాళ్ల చేత నడిపించేవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. అందుకే "నేనే నడుపుతాను, నా కుటుంబానికి ఇదే ఆధారం" అన్న వాక్యం ఫిర్యాదులో తప్పకుండా ఉండాలి.

నాలుగో అడుగు: నోటీసు

ఒక పేజీ చాలు. బండి నంబరు, కొన్న తేదీ, ధర, అప్పు ఎంత, లోపమేంటి, సర్వీసు సెంటర్ ఏం రాసింది, మీకేం కావాలి, పదిహేను రోజుల గడువు. కన్సల్టెన్సీకి పంపి, నకలు ఫైనాన్సు కంపెనీకి కూడా పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందినట్టు రుజువు దాచుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఆ కౌంటరు కోసం వెతకొద్దు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, అవతలివాళ్లతో మాట్లాడి పెడతారు. పేరున్న పెద్ద కంపెనీలు దీనికి కదులుతాయి, ఊళ్లో చిన్న కన్సల్టెన్సీలు కదలడం తక్కువ.

ఐదో అడుగు: విజయవాడ జిల్లా కమిషన్

తిరువూరు సరిహద్దు ఊరు. ఇక్కడివాళ్లు ఖమ్మంలోనో, సత్తుపల్లిలోనో, హైదరాబాదులోనో బండి కొంటూ ఉంటారు. కేసు వేయడానికి అక్కడికి పోనక్కర్లేదు. 2019 చట్టం మీరు ఉండే చోటే ఫిర్యాదు చేసే హక్కిచ్చింది, కాబట్టి విజయవాడలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు వెళ్లొచ్చు. ఒప్పంద పత్రంలో "తగవులన్నీ చెన్నైలోనే", "ఆర్బిట్రేషన్‌కే" అని సన్నటి అక్షరాల్లో ఉన్నా భయపడొద్దు. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల కమిషన్‌కు అడ్డు కాదని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆర్బిట్రేటర్ దగ్గర్నుంచి నోటీసు వస్తే చింపి పారేయకండి, జవాబు పంపండి. లేకపోతే మీరు లేకుండానే మీ మీద అవార్డు వచ్చేస్తుంది.

చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. గడువు రెండేళ్లు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. కావాలనుకుంటే 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఇస్తారు.

ఫిర్యాదు రాసేటప్పుడు కుట్ర, ఫోర్జరీ, మాఫియా లాంటి మాటలు పోగుచేయాలనిపిస్తుంది. వద్దు. కమిషన్ విచారణ క్లుప్తంగా సాగుతుంది. పెద్ద మోసాల చిక్కుముళ్లు అక్కడ తేలవని 2023లో సిటీ యూనియన్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరే మోసమని పది సార్లు రాస్తే సివిల్ కోర్టుకు పొమ్మంటారు. "సరుకులో లోపం", "అనుచిత వ్యాపార పద్ధతి" అని రాసి, కాగితాలను మాట్లాడనివ్వండి.

ప్రతివాదులుగా కన్సల్టెన్సీని, ఫైనాన్సు కంపెనీని చేర్చండి. బండి తయారుచేసిన కంపెనీని ఊరికే లాగొద్దు. 2021లో టాటా మోటార్స్ కేసు ఒకటి గోవా నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2009 నాటి కారును డీలరు 2011 కారుగా అమ్మిన వ్యవహారమది. కంపెనీకి తెలిసే జరిగిందని చూపకపోతే డీలరు చేసిన పని కంపెనీ మీద రుద్దలేమని కోర్టు అంది.

ఏం అడగాలి? లోపం సరిచేయమనో, డబ్బు వడ్డీతో తిరిగి ఇవ్వమనో, రిపేరు ఖర్చు, నష్టపరిహారం, కేసు ఖర్చులు ఇప్పించమనో అడగొచ్చు. డబ్బు వాపసు అడిగేటప్పుడు అందులోంచి ముందు అప్పు ఖాతా తీర్చి, మిగిలింది మీకివ్వాలని స్పష్టంగా రాయండి. అవసరమైతే నిపుణుడి చేత బండి పరీక్ష చేయించమని కోరండి. ఆ ఫీజు ముందుగా మీరే కట్టాలి. పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావాల్సింది ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాయిదాలు అంతకంటే సాగుతాయని మనసులో పెట్టుకోండి. ఉత్తర్వు వచ్చాక కూడా అవతలివాళ్లు కట్టకపోతే 72వ సెక్షన్ కింద జైలు దాకా వెళ్లొచ్చు.

ఆరో అడుగు: అప్పు సంగతి విడిగా చూడండి

2024 అక్టోబరు నుంచి వ్యక్తిగత అప్పులన్నిటికీ బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు కీలక వివరాల పత్రం ఇవ్వాలి. అసలు వడ్డీ, ఛార్జీలు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ఆ పత్రంలో ఉంటుంది. అది, ఒప్పందం నకలు, కన్సల్టెన్సీ ఖాతాకు ఎంత వేశారన్న వివరం అడిగి తీసుకోండి. బండి ధర మీకు చెప్పింది ఒకటి, అప్పు ఫైలులో చూపింది ఇంకొకటి అయితే, ఇద్దరూ కలిసి నడిపిన వ్యవహారమని చూపించడానికి అదే ఆధారం.

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా జవాబు లేకపోతే 30 రోజుల తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, ఫోన్ 14448. ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కుల మీద ఊళ్లో ఇచ్చే ఫైనాన్సుకు ఇది పనికిరాదు. అందుకే, వడ్డీ ఒక రూపాయి తేడా ఉన్నా, రిజిస్టరైన కంపెనీ దగ్గరే అప్పు తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

కిస్తీ తప్పినా సరే, రౌడీలను పంపి బండి లాక్కోవడం కుదరదని ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ కేసులో 2007లోనే సుప్రీంకోర్టు అంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

ఇంకా కొననివాళ్లకు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల వేల బండ్లు నీళ్లలో మునిగాయి. వాటిలో కొన్ని కడిగి, పాలిష్ పెట్టుకుని ఎక్కడో ఒకచోట అమ్మకానికి నిలబడి ఉంటాయి. కాబట్టి సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. పైభాగం శుభ్రంగా ఉండి, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే అడుగు భాగంలో గోధుమరంగు చార కనిపిస్తే నీరు అంత ఎత్తుకు వచ్చినట్టే. సీటు కింద బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో ఎండిన ఒండ్రు కూడా చూడండి. పాత ఇన్సూరెన్సు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ సున్నా ఉంటే ఎందుకో అడగండి.

సి-బుక్‌లో పాత హెచ్‌పీ (పాత ఫైనాన్సు నమోదు) ఉంటే, పాత ఫైనాన్సరు సంతకం చేసిన ఫారం 35, ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా మీ అప్పు డబ్బు విడుదల కానివ్వకండి. "వచ్చే వారం వస్తుందండీ" అన్న మాట నమ్మి చిక్కుకున్నవాళ్లే ఎక్కువ. టీఎస్ 04 లాంటి తెలంగాణ నంబరైతే ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, ఆ రాష్ట్ర రవాణా శాఖ సైటులోనూ చలాన్లు చూడాలి. ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఆంధ్ర నంబరు తీసుకోవాలి, లైఫ్ టాక్సు పడుతుంది. ఆ ఖర్చు ధరలో తగ్గించమని బేరమాడండి. ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాక 30 రోజుల్లో పేరు మార్పుకు, 14 రోజుల్లో ఇన్సూరెన్సు మార్పుకు దరఖాస్తు పెట్టండి.