ఆ మందం కండరానిదేనా?

అమ్మాయికి,

మీ వార్డులో ఆయాసంతో చేరిన పెద్దాయన గురించి రాశావు. గుండె గోడలు మందంగా ఉన్నాయని ఎకోలో వస్తే పాత బీపీ వల్లేనని కేసు షీటులో రాసేశారట. ఆయనకు ఏడాదిగా బీపీ మాత్రల అవసరమే లేదు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. నీకు పొంతన కుదరలేదన్నావు. కుదరదు మరి.

ముందు ఈసీజీ, ఎకో పక్కపక్కన పెట్టి చూడు. బీపీతో కండరం పెరిగితే ఈసీజీలో గీతలు ఎత్తుగా లేవాలి. గోడ మందంగా ఉండి గీతలు కురచగా ఉన్నాయంటే, కండరం మధ్య మరేదో చేరిందని అనుమానించాలి. ఈ తేడా అందరిలోనూ కనిపించదు, కనిపిస్తే మాత్రం వదలకు.

అలా చేరేవాటిలో ముందు తలచుకోవాల్సింది ఒకటుంది. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఒక్కోసారి వాటిలో ఒక కణం సంతతి అదుపు తప్పి, యాంటీబాడీలో భాగమైన లైట్ చెయిన్లను ఒకే రకంవి, ఎక్కువగా లాంబ్డాను, అదేపనిగా రక్తంలోకి వదులుతుంది. సరిగా మడత పడని ఆ ప్రోటీన్లు పోగులుగా అల్లుకుని అవయవాల్లో పేరుకుంటాయి. ఇదే ఏఎల్ అమిలాయిడోసిస్. గుండెకు పట్టిందంటే కండరం గంజి పెట్టిన గుడ్డలా బిరుసెక్కుతుంది. రక్తాన్ని నెట్టగలదు, సాగి నింపుకోలేదు. అందుకే పంపింగ్ బాగానే ఉందన్న రిపోర్టు చూసి చాలామందిని ఇంటికి పంపేస్తారు. మజ్జలో ఆ కణాలు పది శాతం దాటనివాళ్లలో కూడా గుండె పాడవుతుంది. ఆ కణాల క్యాన్సర్ మైలోమా లేదు కదా అని నిశ్చింతగా కూర్చోడానికి లేదు.

పేరుకున్నదే కాదు, రక్తంలో తిరిగే ఆ లైట్ చెయిన్లు కూడా గుండె కణాలకు విషమే. మందులతో వాటిని తగ్గిస్తే, గుండెలో చేరింది అలాగే ఉన్నా, గుండె మీది ఒత్తిడిని చూపే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ దిగివస్తుంది, ఆయాసమూ తగ్గుతుంది. ఈ జబ్బులో నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే సంగతి ఇదే.

మంచం దగ్గరికి వెళ్లి నాలుక అంచున పళ్ల గుర్తులున్నాయా, కళ్ల చుట్టూ కమిలిన మచ్చలున్నాయా చూడు. మూత్రంలో నురగ వస్తోందా, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయా అడుగు. నాలుక, కళ్ల గుర్తులు కొద్దిమందిలోనే ఉంటాయి, లేకపోతే జబ్బు లేదనుకోకు. మేము చదువుకునే రోజుల్లో అమిలాయిడ్ అంటే క్షయ వెంట వచ్చేదే గుర్తొచ్చేది. అది కిడ్నీలనే పట్టుకుంటుంది, గుండె జోలికి రావడం అరుదు.

పరీక్షల్లో వరస ముఖ్యం. రక్తంలో ఫ్రీ లైట్ చెయిన్లు, రక్తానికీ మూత్రానికీ ఇమ్యునోఫిక్సేషన్, ఈ మూడూ ముందు చేయించాలి. మామూలు ఎలక్ట్రోఫోరెసిస్ ఒక్కదానితో సరిపెట్టకు. బోన్ స్కాన్ ఆ తర్వాతే. కాలేయంలో తయారయ్యే ట్రాన్స్‌థైరెటిన్ పేరుకునే మరో రకం ఉంది, ఆ స్కాన్ దానికోసం. కానీ ఏఎల్ ఉన్న గుండె కూడా ఒక్కోసారి స్కాన్‌లో వెలుగుతుంది. వరస తప్పితే ప్లాస్మా కణాల జబ్బుకు కీమో అందదు. దీనికి తలకిందులూ జరుగుతుంది: ముసలివాళ్లలో కొద్దిపాటి మోనోక్లోనల్ ప్రోటీన్ మామూలే, అది చూసి ట్రాన్స్‌థైరెటిన్ రోగికి కీమో ఎక్కించిన సందర్భాలూ ఉంటాయి. కాబట్టి ఈ మూడింట్లో తేడా వస్తే పొట్ట కొవ్వు నుంచో, మజ్జ నుంచో, తప్పకపోతే గుండె నుంచో ముక్క తీయించాలి. కాంగో రెడ్ రంగు వేసి పోలరైజ్డ్ కాంతిలో చూస్తే అమిలాయిడ్ ఆకుపచ్చగా మెరుస్తుంది. అది ఏ ప్రోటీనో కూడా తేల్చాకే చికిత్స.

చికిత్స హెమటాలజిస్టు చేతిలోది. సైక్లోఫాస్ఫమైడ్, బోర్టెజోమిబ్, డెక్సామెథసోన్‌లకు డారాటుముమాబ్ కలిపి ఇచ్చే పద్ధతికి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖరీదైనదే, ఇంటివాళ్లతో డబ్బు సంగతి దాచకుండా మాట్లాడు. ఈలోగా నీ పని ఒంట్లో నీరు తగ్గించడం, అదీ బీపీ పడిపోకుండా. వెరాపమిల్, డిల్టియాజెమ్ వద్దు. బీటా బ్లాకర్లు అలవాటుగా రాసేయకు, ఈ గుండెలు వేగం మీదే నెట్టుకొస్తుంటాయి.

గుండె వైఫల్యం దాకా వచ్చి చికిత్స అందనివాళ్లలో సగం మంది ఆరు నెలలు దాటడం కష్టం. ఈ ఉత్తరం అందిన రోజే ఆ మూడు పరీక్షలకూ రక్తం, మూత్రం పంపించు.

మీ బాబాయి