చెదరిన సాక్ష్యము

నెలలు నిండక పుట్టిన శిశువునకు ఊపిరి పీల్చుటయే మొదటి గండము. చేతులు, కాళ్లు చక్కగా ఏర్పడియుండవచ్చును. కాని ఊపిరితిత్తులు విచ్చుకొని నిలుచుటకు కావలసిన స్రావము ఇంకను చాలినంత ఊరియుండదు. ఇట్టి శిశువులెందరో పుట్టిన కొలది దినములలోనే కన్నుమూయుచుండిరి.

న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరమునందు గ్రాహం లిగ్గిన్సు అను వైద్యుడు, ప్రసవము ఎట్లు మొదలగునో తెలిసికొనగోరి గొఱ్ఱెలపై పరిశోధన చేయుచుండెను. స్టీరాయిడ్ మందు పొందిన గొఱ్ఱెపిల్ల యొకటి, చాల ముందుగా పుట్టియు, అనుకొన్నదానికంటె ఎక్కువసేపు బ్రతికెను. దాని ఊపిరితిత్తులు కొంతవఱకు విచ్చుకొనియుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. పిదప రాస్ హౌయీ అను శిశువైద్యునితో కలిసి, నెలలు నిండక కానుపు కానున్న 282 మంది తల్లులను చీట్లు వేసిన రీతిగా రెండు జట్లు చేసెను. ఒక జట్టునకు మందును, రెండవదానికి చూపునకు అట్టిదేయైన వేఱొక సూదిని ఇచ్చిరి. ఫలితము 1972లో వెలువడెను. అనుకోకుండ నొప్పులు వచ్చిన తల్లుల శిశువులలో, మందు లేనిచోట నూటికి 15 మంది తొలివారములోనే మరణింపగా, మందు పొందినచోట ఇంచుమించు ముగ్గురే మరణించిరి.

ఇక లోకమంతయు ఆ మందును వాడియుండునని మీరు తలంతురు. అట్లు జరుగలేదు. తరువాత పలుచోట్ల జరిగిన ప్రయోగములు చిన్నవి. చిన్న ప్రయోగములో నలుగురు ఎక్కువగా బ్రతికినచో అది మందు మహిమయో, కాకతాళీయమో తేల్చుట కష్టము. ఒక్క పరీక్షలోని మార్కులను చూచి విద్యార్థి యోగ్యతను నిర్ణయించుటకు నేను నా ఉద్యోగకాలమున ఎన్నడును ఒప్పుకొనలేదు. కావున ఆ వైద్యుల సంకోచమును తప్పుపట్టను. అన్ని మార్కులను ఒకచోట వేసి చూచువారు లేకపోవుటయే లోపము.

1979లో ఆర్చీ కొక్రేన్ అను బ్రిటిషు వైద్యుడు తన వృత్తివారినే నిలదీసెను. జరిగిన ప్రయోగములన్నిటిని శాఖలవారీగా చేర్చి, పరిశీలించి, ఎప్పటికప్పుడు సరిదిద్దు సంగ్రహము మనకేల లేదని ఆయన ఆక్షేపణ.

అట్టి సంగ్రహమునకే క్రమబద్ధ సమీక్ష అని పేరు. తోచిన నాలుగు వ్యాసములు చదివి అభిప్రాయము చెప్పుట సమీక్ష కాదు. ప్రశ్న యేదో, ఎట్టి ప్రయోగములను స్వీకరింతురో ముందుగనే వ్రాసికొందురు. పిదప దేశదేశముల పత్రికలను గాలింతురు. అచ్చుకాక సొరుగులలో మూలుగుచున్న ఫలితములను గూడ అడిగి తెప్పింతురు. ఏలయన, మందు పనిచేసినదన్న వార్త త్వరగా అచ్చగును. పనిచేయలేదన్నది తఱచు మరుగున పడును. ఒకరు చదివినదానిని మఱియొకరు విడిగా చదివి సరిచూతురు. తుదకు లెక్కలను కలుపునపుడు పెద్ద ప్రయోగమునకు ఎక్కువ విలువనిత్తురు.

పాట్రీషియా క్రౌలీ, ఇయాన్ చామర్స్, మార్క్ కీర్స్ అను మువ్వురు ఇట్లే 12 ప్రయోగములను కూర్చి 1990లో ప్రకటించిరి. ఆ మందు శిశుమరణములను బాగుగా తగ్గించునని స్పష్టమయ్యెను. 1994లో అమెరికా నిపుణుల సభయు దానిని వాడవలసినదని చెప్పెను. ఆక్లండు ఫలితము వెలువడి అప్పటికి ఇరువదిరెండేండ్లు! ఆ నడుమ వేలకొలది శిశువులు, మందు ఉండియు అందక, మరణించియుందురని అంచనా.

1993లో ఆక్స్‌ఫర్డు నగరమున చామర్స్ స్థాపించిన సమీక్షకుల సంస్థకు కొక్రేన్ పేరే పెట్టిరి. దాని చిహ్నములోని అడ్డగీతలు ఈ మందును గూర్చిన తొలి ప్రయోగములే.

కథ అంతటితో ముగియలేదు. 2015లో భారతదేశముతో సహా ఆరు దేశములలో జరిగిన ప్రయోగము కలవరము కలిగించెను. మందును పల్లెలవఱకు విరివిగా అందించినచోట శిశుమరణములు మొత్తముమీద తగ్గకపోగా కొంత పెరిగెను. నెలలు నిండి కాన్పయిన తల్లులు పెక్కుమంది ఆ మందు పొందియుండిరి. మరల విచారణ జరిగెను. గర్భమునకు ఎన్ని వారములో సరిగా లెక్కకట్టి, శిశువులకు మంచి సంరక్షణ చేయగల ఆసుపత్రులలో, భారతదేశమును చేరిన ఐదు దేశములందు 2,852 మంది తల్లులపై చేసిన ప్రయోగములో మందు మేలు చేసెనని 2020లో తేలెను. ఆ సంవత్సరము చివర సమీక్షను తిరుగ వ్రాసినపుడు అందు 27 ప్రయోగములు చేరెను.