ప్లానింగ్ కమిషనర్ అయిన చిన్నికి

చి. ల. సౌ. చిన్నికి,

నిన్ను మీ ఊరి ప్లానింగ్ కమిషన్‌లోకి తీసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. మనవాళ్ళు కాలిఫోర్నియాకి వచ్చి ఇళ్ళు కొన్నారు, గుళ్ళు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. ఊరు ఎటు పెరగాలో, ఎక్కడ ఏం కట్టాలో తేల్చే చోట మాత్రం మనవాళ్ళు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. నువ్వు అక్కడిదాకా వెళ్ళావంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. అందుకే, నువ్వు మొదటి ఓటు వేయకముందే నాలుగు మాటలు రాయాలనిపించింది.

నేను సిటీ క్లర్క్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశానని నీకు తెలుసు. పదవుల్లో ఉన్నవాళ్ళు తమ ఆస్తులు, ఆదాయాలు, పుచ్చుకున్న కానుకలు రాసిచ్చే ఫారం 700లు మా దగ్గరకే వచ్చేవి. వాటిని చూసీ చూసీ నాకు అర్థమైందేమిటంటే, చిక్కుల్లో పడేది ఎక్కువగా దురాశపరులు కాదు. ‘నాకు ఏ స్వార్థమూ లేదు, నేనెందుకు తప్పుకోవాలి’ అనుకునే మంచివాళ్ళే. చట్టం నీ మనసులో ఏముందని అడగదు. నీ చేతిలో ఏముంది, నీ ఇల్లు ఎక్కడుంది, నీ ఇంటికి డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది అని అడుగుతుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా తేలికే.

ఈ చట్టం శాసనసభ దయతలచి ఇచ్చింది కాదు. వాటర్‌గేట్ రోజుల్లో, 1974 జూన్‌లో, ప్రొపొజిషన్ 9 పేరుతో జనం నేరుగా ఓటేసి తెచ్చుకున్న పొలిటికల్ రిఫార్మ్ యాక్ట్ ఇది. దాన్ని అమలుచేయడానికే శాక్రమెంటోలో ఫెయిర్ పొలిటికల్ ప్రాక్టీసెస్ కమిషన్ పుట్టింది. అందరూ ఎఫ్‌పీపీసీ అంటారు. అందులో ఐదుగురు సభ్యులు. చైర్‌నీ ఇంకొకరినీ గవర్నర్ వేస్తారు. మిగతా ముగ్గురినీ అటార్నీ జనరల్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, కంట్రోలర్ తలా ఒకరిని వేస్తారు. ఒకే పార్టీ వాళ్ళు ముగ్గురికి మించకూడదు. పదవీకాలం నాలుగేళ్ళు. ఆ పదవిలో ఉండగా వాళ్ళు ఎన్నికల్లో నిలబడకూడదు, ఎవరి ప్రచారానికీ చందా ఇవ్వకూడదు. కాపలా కాసేవాళ్ళకీ కట్టుబాట్లు పెట్టారు చూడు, ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చుతుంది.

ఇక నీ సంగతి. పదవిలో చేరిన 30 రోజుల్లోపు మొదటి ఫారం 700 ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా ఏప్రిల్ 1లోపు, దిగిపోయినప్పుడు మరొకటి. ప్లానింగ్ కమిషనర్లు కౌన్సిల్ సభ్యులతో సమానంగా పూర్తి వివరాలు ఇవ్వాల్సిన జాబితాలో ఉన్నారు. జీతం లేని పదవే కదా అని తేలిగ్గా తీసుకోకు. శంషాబాద్ దగ్గర మీరు కొన్న ప్లాటు గురించి కంగారు పడనక్కర్లేదు, నీ సిటీ పరిధికి రెండు మైళ్ళ అవతల ఉన్న స్థలాలు సాధారణంగా ఫారంలో అడగరు. మీరుంటున్న ఇల్లు కూడా, కేవలం మీ కాపురానికే వాడుతుంటే, రాయక్కర్లేదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫారంలో రాయక్కర్లేదంటే ఓటు వేసేటప్పుడు లెక్కలోకి రాదని కాదు. ఏదైనా ప్రాజెక్టు మీ ఇంటికి 500 అడుగుల్లోపు ఉంటే, దాని ప్రభావం నీ ఆస్తి మీద ఉన్నట్టే నియమం లెక్కగడుతుంది. అలాంటిదేమీ లేదని గట్టి రుజువు ఉంటే తప్ప నువ్వు తప్పుకోవాల్సిందే. 500 నుంచి 1,000 అడుగుల మధ్య అయితే ట్రాఫిక్, చప్పుడు, ఇంటి విలువ లాంటివి చూసి తేల్చుకోవాలి. ఆ ప్రాజెక్టు వల్ల ఇంటి ధర పెరిగినా తగ్గినా ఒకటే. నాకు నష్టమొచ్చే పనికి ఓటేస్తున్నాను కాబట్టి ఇది త్యాగం అనడానికి వీల్లేదు.

అల్లుడి ఉద్యోగం విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకో. ఈ రాష్ట్రంలో భర్త జీతంలో సగం భార్యదిగానే లెక్క. ఏడాదిలో నీ వాటాకి 500 డాలర్లు వచ్చినా ఆ కంపెనీ నీకు ఆదాయం ఇచ్చే సంస్థే. అతనికి ఇచ్చిన షేర్ల విలువ 2,000 డాలర్లకు చేరినా అది మీ పెట్టుబడి కూడా. టెక్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళ ఇళ్ళలో ఈ రెండు హద్దులూ దాటని ఇల్లు ఉంటుందా? రేపు ఆ కంపెనీయే కొత్త భవనానికి అనుమతి కోరుతూ మీ ముందుకు వస్తే, నువ్వు ఆ ఫైలు ముట్టుకోకూడదు. అతను వేరే విభాగంలో ఉన్నాడని, ఆ భవనంతో అతనికి పనే లేదని నువ్వు వాదించినా నిలవదు.

తప్పుకోవడం ఎలాగో కూడా చట్టం చెప్పింది. ఆ అంశం పిలవగానే, నీకున్న ప్రయోజనం ఏమిటో అందరూ వినేలా చెప్పాలి. సొంత ఇల్లయితే ఇంటి నంబరు చెప్పక్కర్లేదు, నివాసం అంటే చాలు. చెప్పి, గది బయటికి వెళ్ళిపోవాలి. చర్చా ఓటూ అయ్యేదాకా లోపలికి రాకూడదు. ఓట్లు సమానంగా చీలాయి, నువ్వొక్కదానివి వస్తే తేలిపోతుందన్నా సరే, అది నువ్వు కూర్చోవడానికి కారణం కాదని చట్టంలోనే ఉంది. కొత్తవాళ్ళు లేచి వెళ్ళడానికి సిగ్గుపడతారు, తప్పు ఒప్పుకున్నట్టుంటుందని. అదేం కాదమ్మా. అలా లేచి వెళ్ళిన వాళ్ళమీద నాకు గౌరవం పెరిగింది తప్ప తగ్గలేదు.

అయితే గది దాటి వెళ్ళినంత మాత్రాన సరిపోదు. నిర్ణయం చేయడమే కాదు, అందులో పాలుపంచుకోవడం, పదవిని వాడి ప్రభావం చూపబోవడం కూడా నిషేధమే. సాయంత్రం మీటింగులో తప్పుకుని, పొద్దున్నే ప్లానింగ్ స్టాఫ్‌కి ఫోన్ చేసి ‘ఆ అపార్ట్‌మెంట్ సంగతి కాస్త చూడండి’ అన్నావంటే తప్పుకున్న ఫలితం పోయినట్టే. ఆ ఉద్యోగి నీలో పక్కింటావిడను చూడడు, కమిషనర్‌నే చూస్తాడు. నేను అవతలి వైపు కూర్చుని ఆ ఫోన్లు అందుకున్నాను కాబట్టి చెబుతున్నాను, అవి ఎంత ఇబ్బంది పెడతాయో చేసేవాళ్ళకి తెలియదు.

కానుకల విషయంలో బంధువుల గురించి దిగులు వద్దు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు, మేనమామలు ఇచ్చేవి కానుక లెక్కలోకి రావు. బయటివాళ్ళ దగ్గర్నుంచి 50 డాలర్లు, ఆపైన వస్తే రాయాలి. 2025-26కి ఒక్కరి దగ్గర ఏడాదికి 630 డాలర్లే హద్దు. ఇష్టంలేని కానుక వచ్చి పడితే, వాడకుండా 30 రోజుల్లోపు తిప్పి పంపేస్తే నువ్వు పుచ్చుకున్నట్టు కాదు. దీపావళికి వెండి సామాను పంపే రియల్టర్లు మన చుట్టూ ఉన్నారు, మొదటి పండగకే తిప్పి పంపు. రెండో ఏడు పంపరు. మనవాడెవరో ఎన్నికల్లో నిలబడ్డాడని నువ్వు చందాలు వసూలు చేయబోతే అక్కడా ఆగు. మీ ముందు దరఖాస్తు నడుస్తున్న వాళ్ళ దగ్గర, తేలిన తర్వాత 12 నెలల దాకా, 500 డాలర్లు దాటి నీకోసమే కాదు, ఇంకొకరి కోసమైనా అడగకూడదు.

గుడి సంగతి వేరు. నువ్వు జీతం లేకుండా కమిటీలో ఉన్న గుడి పార్కింగ్ పెంచుకోవడానికి దరఖాస్తు పెడితే, ఈ చట్టం ప్రకారం సాధారణంగా అది ఆర్థిక ప్రయోజనం కాదు. ఎఫ్‌పీపీసీ చూసేది డబ్బుతో ముడిపడ్డ వైరుధ్యాల్నే. కోర్టు తీర్పుల ద్వారా స్థిరపడిన పక్షపాత నిషేధం వేరే ఉంది, దానిమీద ఆ కమిషన్ సలహా ఇవ్వదు, మీ సిటీ అటార్నీని అడగాలి. నన్నడిగితే మాత్రం, అటార్నీ ఫరవాలేదన్నా నువ్వు కూర్చోవద్దు. నీ ఓటుతో గుడికి అనుమతి వస్తే, పార్కింగ్ వద్దన్న ఇరుగుపొరుగు మనవాళ్ళందరినీ అదే కళ్ళతో చూస్తారు. నువ్వు లేకుండా గెలిస్తే ఆ గెలుపు మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. దీనికి మీ మామగారు నొచ్చుకుంటారు, నాకు తెలుసు. నొచ్చుకోనీ.

ఎఫ్‌పీపీసీ అంటే జరిమానాలు వేసే ఆఫీసనే అందరూ అనుకుంటారు. ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా వేయగలదు. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు, ఒప్పందాలు బహిరంగ సమావేశంలో ఖరారవుతాయి, పేరుతో సహా. కానీ ఆ ఆఫీసు చేసే గొప్ప పని నా దృష్టిలో వేరు. ముందుగా అడిగితే చెబుతుంది. ఫోన్ చేస్తే మాటతో చెబుతుంది, రాసి అడిగితే రాసి ఇస్తుంది. వాస్తవాలన్నీ దాచకుండా రాసి, వాళ్ళిచ్చిన లిఖిత సలహా ప్రకారం నడుచుకుంటే, ఆ విషయంలో కమిషన్ నీమీద చర్య తీసుకోదు. సిటీ అటార్నీ మాటకి ఆ రక్షణ లేదు. ఆయన ఎంత మంచి లాయరైనా సరే. లిఖిత సలహాకి మామూలుగా 21 పనిదినాలు పడుతుంది కాబట్టి, ఎజెండా చేతికొచ్చాక అడిగితే ఆలస్యమైనట్టే.

అందుకని ఈ వారాంతం నువ్వూ అల్లుడూ కూర్చుని మీ షేర్లు, అద్దెకిచ్చిన కాండో, అతని కంపెనీ, నీ కన్సల్టింగ్ క్లయింట్లు, అన్నీ ఒక కాగితం మీద రాయండి. సిటీ వెబ్‌సైట్‌లో పెండింగ్ ప్రాజెక్టుల జాబితా ఉంటుంది, మీ ఇంటి నుంచీ కాండో నుంచీ ఒక్కోదాని దూరం కొలిచి చూడు. ఎక్కడ అనుమానం వచ్చినా ఆ సోమవారమే శాక్రమెంటోకి రాసి అడుగు, జవాబు వచ్చేదాకా ఆ ఫైలు మీద ఎవరితోనూ మాట్లాడకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ